ఖాళీ అయిన కుర్చీ

ఆ కుట్టుపనావిడ ఎక్కడికెళ్లినా ముందు కూర్చునే చోటు వెతుక్కుంటుంది. పద్దెనిమిదేళ్లుగా మిషన్ తొక్కీ తొక్కీ పిక్కలు రాళ్లయ్యాయి. కాసేపు నిలబడితే నడుం పట్టేస్తుంది. వేళ్ల నిండా సూదిపోట్లు, భుజాన అందరి నీళ్లసీసాలూ మోసే సంచీ. మనిషి మొహం కన్నా ముందు చొక్కా కుట్టు చూస్తుంది. ఇవాళ సైన్సు మ్యూజియంలోనూ అంతే. నిలువెత్తు ఆవిరియంత్రం ముందు నిలబడి, దాని గురించి చెబుతున్న గైడు కోటుకి ఒక చెయ్యి పొట్టయిందని గొణిగింది. "ఏడాదికొక్క సెలవు పెట్టావు, ఇవాళైనా ఆ కుట్ల గోల వదిలెయ్యవే," అన్నాడు మొగుడు. "వదిలేశాలెండి, పదండి," అంది నీరసంగా.

పై అంతస్తులో, కుర్చీలో కూర్చుని కాలితో పలక తొక్కితే బల్బు వెలిగే బల్ల ఒకటుంది. వాళ్ల పిల్లలు ఎగబడి తొక్కారు. బల్బు భగ్గుమని వెలిగేది, అంతలోనే కునికిపాట్లు పడేది. విసుగొచ్చి విమానాల గదిలోకి పరిగెత్తారు, వాళ్ల వెనకే తండ్రి. ఖాళీ అయిన కుర్చీ చూసేసరికి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. సంచీ ఒళ్లో పెట్టుకుని కూలబడింది. పాదాలు వాటంతటవే పలక మీదికి చేరాయి. పావుగంట తరవాత వాళ్లు తిరిగొచ్చేసరికి బల్ల చుట్టూ జనం మూగి ఉన్నారు. బల్బు కాస్తయినా వణక్కుండా ఒకే తీరుగా వెలుగుతోంది. "అమ్మా, నీకెలా వచ్చింది?" అంటూ జనాన్ని తోసుకొచ్చిన కూతురు టక్కున ఆగిపోయింది. అమ్మ సంచీ మీద తలవాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. కాళ్లు మాత్రం తొక్కుతూనే ఉన్నాయి. మొగుడు దగ్గరికెళ్లి మెల్లగా భుజం మీద చెయ్యి వేశాడు. కాళ్లు ఆగాయి, బల్బు ఆరింది. ఆవిడ ఉలిక్కిపడి బల్లంతా చేత్తో తడుముతూ, "దారం తెగిందా?" అంది.