మా ముందుగదిలో సర్వసభ్య సమావేశం

1999 సెప్టెంబరు 30, గురువారం నాడు మా ఇంటి ముందుగదిలో జరగబోయే సమావేశానికి హాజరు కావడం కోసం నేను బడికి సెలవు పెట్టాను. సెలవు చీటీలో కారణం ఉన్నదున్నట్టు రాశాను. మా ప్రధానోపాధ్యాయురాలు దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి నా వైపు చూశారు.

"మీటింగు ఎక్కడండీ?"

"మా ఇంట్లోనే, మేడమ్."

"ఎవరెవరు వస్తున్నారు?"

"నేనూ, మా ఆయనా."

"మరి సాయంత్రం ఇంటికెళ్లాక పెట్టుకోకూడదాండీ?"

"పనిరోజున, ఆఫీసు వేళల్లోనే జరగాలని చట్టం."

ఆమె సంతకం పెడుతూ, "ఆ చట్టం మా ఇంటికి కూడా వర్తిస్తే బాగుండునండీ. మా ఆయన పగటిపూట నాతో మాట్లాడి ఎన్నాళ్లయిందో" అన్నారు.

మా ఆయన బాలానగర్‌లోని ఒక వర్క్‌షాపులో పద్దెనిమిదేళ్లు యంత్రభాగాల డ్రాయింగులు గీశారు. 1997లో ఆ పని మాని, చందానగర్‌లో మేమున్న కిరాయి ఇంటి ముందుగదిలో కంపెనీ పెట్టారు. కాగితం మీది పాత డ్రాయింగులను కంప్యూటరులోకి ఎక్కించి ఇవ్వడం దాని పని. మాదాపూర్ బండల మధ్య కంప్యూటరు కంపెనీల కోసం అద్దాల భవనం లేస్తున్న రోజులవి. పేరు చివర ప్రైవేట్ లిమిటెడ్ అని ఉంటేనే అక్కడ గేటు దాటనిస్తారని ఆయనకు ఎవరో చెప్పారు. ప్రైవేటు కంపెనీకి కనీసం ఇద్దరు సభ్యులుండాలి. ఆ రెండో సభ్యురాలిని నేను. వాటాలు చెరి సగం.

లెక్కలు ముగిశాక ఏటా సభ్యులు సమావేశమై వాటిని పరిశీలించి ఆమోదించాలి. ఆ సంవత్సరానికి గడువు సెప్టెంబరు నెలాఖరు. ఇరవయ్యో తేదీ దాటిన తరువాత ఆడిటరు స్కూటరు మీద కాగితాలు తెచ్చాడు. మాకంటే వయసులో చిన్నవాడు, సంగారెడ్డి వైపువాడు. సమావేశపు మినిట్స్ అప్పటికే టైపు చేసి ఉన్నాయి. అంతకు ముందటి సోమవారం పదకొండు గంటలకు సభ్యులు కూర్చుని, లెక్కలను చర్చించి, ఏకగ్రీవంగా ఆమోదించారని అందులో ఉంది. ఆ సోమవారం పదకొండు గంటలకు నేను తొమ్మిదో తరగతికి క్షేత్రగణితం చెబుతున్నాను.

"ఈ మీటింగు జరగలేదు కదా?" అన్నాను.

"ఎవరింట్ల జరుగుతదమ్మా? ఆలుమగల కంపెనీలన్నీ గిట్లనే. మీరు సంతకం పెడితే ఇగ ఫికరే లేదు."

"జరిగితే పెడతాను."

"ఊరికే పెట్టు మే. ఏముండాది దాంట్లో?" అన్నారు మా ఆయన. ఇరవై ఏళ్లు హైదరాబాదులో ఉన్నా ఆయన అనంతపురం యాస చెక్కుచెదరలేదు.

నా పట్టుదలకు కారణం నియమం ఒక్కటే కాదు. ఆరు నెలలుగా కంపెనీ ఎలా ఉందని ఎప్పుడు అడిగినా ఆయన ఒకే మాట చెబుతున్నారు, "నడుస్తాంది" అని. ఆ మాట అన్న రోజున ఆయన అన్నం సగంలో వదిలి లేచేవారు. భోజనాల దగ్గర దొరకని జవాబు సమావేశంలోనైనా దొరకవచ్చునని నాకు తోచింది.

సమావేశానికి ఇరవై ఒక్క రోజుల ముందు నోటీసు ఇవ్వాలనీ, సభ్యులందరూ ఒప్పుకుంటే అంతకంటే తక్కువ వ్యవధి చాలుననీ ఆడిటరు చెప్పాడు. ఒప్పుకుంటున్నట్టు రాసి ఇచ్చాను.

గురువారం పదకొండు గంటలకు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా నేను, పక్కన ఆడిటరు. సమావేశం మొదలైన కాసేపటికే వంటింట్లోంచి పాలు మాడుతున్న వాసన వచ్చింది. నేను లేవబోయాను.

"మీరు లేస్తే కోరం పోతదమ్మా. కూసోండి" అని ఆడిటరే వెళ్లి స్టవ్ ఆర్పి వచ్చాడు.

మా ఆయన తలెత్తకుండా కాగితంలోనిది చదివారు. "లెక్కల మీద సభ్యులకు ప్రశ్నలేమైనా ఉన్నాయా?"

"ఉన్నాయి. కంపెనీ ఎలా ఉంది?"

"నడుస్తాంది."

"అట్ల కాదు సార్. సభ్యురాలు అడిగితే అధ్యక్షులు జర వివరంగ చెప్పాలె" అన్నాడు ఆడిటరు.

ఆయన కంప్యూటరు వైపు చూస్తూ అన్నారు: "దసరా పోయినాక మూసేద్దామనుకున్యా. పాత వర్క్‌షాపులో అడిగితే రమ్మన్యారు. రెండేండ్లూ నష్టమే. నీ జీతంతో ఇల్లు నడుస్తాంటే నేనీడ బొమ్మలు గీసుకుంటా కూచోవాల్నా?"

ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. భార్యగా అనవలసినవి చాలా నోటిదాకా వచ్చాయి. సభ్యురాలిగా అడగవలసింది మాత్రమే అడిగాను.

"మొదటి సంవత్సరం పని ఇచ్చినవాళ్లు ఎంతమంది?"

"తొమ్మిదిమంది."

"వాళ్లలో మళ్లీ ఈ సంవత్సరం వచ్చినవాళ్లు?"

ఆయన వేళ్లు మడవడం మొదలుపెట్టారు. "పంపులాయప్ప వచ్చినాడు. గేర్లాయప్ప వచ్చినాడు. అచ్చులు పోసే అన్నదమ్ములు..." అలా ఏడు దగ్గర ఆగారు.

"మరి ఆ ఇద్దరు?"

"ఒగాయప్ప షాపే ఎత్తేసినాడు. ఇంగొగాయప్ప మనకు బాకీ. ఏ మొగం పెట్టుకోని వస్తాడు?"

ఆడిటరు నవ్వాడు. "నష్టం గూడ పోయినేటి దాంట్ల సగమే సార్. ఆ సగంల పెద్దముక్క మిషన్ల అరుగుదల. అది కాయితం మీది లెక్కనే, చేతిలకెల్లి పోయిన పైసలు గావు."

"ఈ మాట నాకు ముందే చెప్పొచ్చు గదప్పా?"

"మీరు అడుగలే. మీటింగే పెట్టలే."

మూసివేత ప్రతిపాదన ఈ నోటీసులో ఉందా అని నేను ఆడిటరును అడిగాను. లేదన్నాడు. నోటీసులో లేనిదాన్ని ఆ రోజు తీర్మానించడానికి వీల్లేదట. మళ్లీ ఇరవై ఒక్క రోజుల నోటీసు ఇవ్వాలి, "ఈమె తక్కువ రోజులకు ఒప్పుకుంటే తప్ప."

"ఒప్పుకోను" అన్నాను.

"అయితే నోటీసిస్తా" అన్నారు మా ఆయన.

"ఇవ్వండి. పోస్టులో పంపండి."

ఆయన నవ్వు ఆపుకోవాలని చూసి, ఆపుకోలేకపోయారు. చేతులెత్తి లెక్కలను ఆమోదించాం. చివరి అంశం ఆడిటరును తిరిగి నియమించడం. "జర చూసి ఎత్తండమ్మా, పాలు కాపాడినోణ్ని" అన్నాడతను. మాడిన గిన్నె ఇంకా తోమలేదని గుర్తుచేసి, చెయ్యెత్తాను. మినిట్స్ ఈసారి నేనే రాశాను.

ఆ రోజు నుంచి ఇరవై ఒక్క రోజులు లెక్కగట్టి డైరీలో అక్టోబరు 21 దగ్గర గుర్తు పెట్టుకున్నాను. దసరా వెళ్లిపోయింది. పోస్టులో నోటీసు రాలేదు. నేనూ అడగలేదు. ఆ తరువాతి శనివారం ఆయన పొద్దున్నే బాలానగర్ బస్సెక్కి పాత వర్క్‌షాపుకు వెళ్లారు. మధ్యాహ్నం తిరిగి వచ్చినప్పుడు చంకలో డ్రాయింగుల చుట్ట ఉంది. ఉద్యోగానికి రానని చెప్పడానికి వెళ్లి, వాళ్ల పని అడిగి తెచ్చుకున్నారు.

అన్నం ముందు కూర్చుని, "మీ పెద్దమేడమ్‌కు ఒగ మాట చెప్పి పెట్టు మే" అన్నారు. "వచ్చే సెప్టెంబర్లో నీకు సెలవు కావాలని."

ఆ పూట ఆయన రెండోసారి అన్నం వడ్డించుకున్నారు.