తనంతట తానే మారిన బ్లడ్ గ్రూప్

దయ్యాలనూ గాలులనూ మా ఇంట్లో ఎవరూ నమ్మేవారు కాదు. మా బాపు మగ్గం వదిలి నల్లగొండలో చిన్న కొలువులో చేరినప్పుడు మేం కిరాయికి దిగిన ఇంటి గురించి వాడకట్టంతా ఏవేవో చెప్పింది. మేం ఆ ఇంట్లో హాయిగా నిద్రపోయాం. తర్వాత నేను నేర్చుకున్న విద్య కూడా అలాంటిదే. కంప్యూటర్ మనం రాసిందే చేస్తుంది. అది తప్పు చేసిందంటే మనమే ఎక్కడో తప్పు రాశామని అర్థం. ఇప్పటికీ నాది అదే నమ్మకం. ఈ ఒక్క సంగతే అందులో ఇమడదు.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. నల్లగొండలో ఒక కాన్పుల దవాఖానకు పేషెంట్ల వివరాలు దాచే ప్రోగ్రాం రాస్తున్నాను. పేరు, ఊరు, వయసు టైపు చేయాలి. బ్లడ్ గ్రూప్‌కు మాత్రం తెర మీద ఒక చిన్న పెట్టె, పక్కన బాణం గుర్తు పెట్టాను. బాణం నొక్కితే గ్రూపులన్నీ కిందికి జారతాయి, అందులోంచి ఒకటి ఎంచుకోవాలి. టైపు చేస్తే తప్పులు పడతాయని ఆ జాగ్రత్త.

రిసెప్షన్‌లో సబిహా అనే అమ్మాయి కూర్చునేది. పానగల్ నుంచి రోజూ వచ్చేది. తొలిచూలు. నెలలు నిండుతున్నా కొలువు మానలేదు. ప్రోగ్రాం సరిగా నడుస్తోందో లేదో చూడటానికి మొదట ఆమె వివరాలే ఎక్కించాం.

"బి పాజిటివ్ అక్కా. లగ్గం కాకముందు క్యాంపుల చూసిండ్రు," అని చెప్పింది.

మర్నాడు ఆమె పేరు తెరిచాను. పెట్టెలో బి పాజిటివ్ కనిపించింది. చూస్తుండగానే అది ఓ నెగెటివ్ అయింది. నా చెయ్యి మౌస్ మీద లేదు.

"నా నెత్తురు నీ కంప్యూటర్‌కు నచ్చుతలేదా ఏంది?" అని సబిహా నవ్వింది.

నేనూ నవ్వాను. జాబితాలో ఓ నెగెటివ్ చివరిది. ఎంపిక ఎలాగో జారి చివరికి పోతోందనుకున్నాను. ఎవరైనా ఎంపిక మార్చగానే ఏం జరగాలో చెప్పే వరుసలు కొన్ని ప్రోగ్రాంలో ఉంటాయి. తప్పు అక్కడే ఉంటుందని వాటిని మొత్తం తీసేశాను. అయినా మారింది. సబిహా వివరాలు చెరిపి కొత్తగా ఎక్కించాను. మళ్లీ మారింది. వేరే ఏ పేరు తెరిచినా పెట్టె కదలదు.

చివరికి, ఎంపిక మారితే తెర మీద "మారింది" అని ఒక సందేశం వచ్చేలా రాశాను. సబిహా పేరు తెరిచి, మౌస్ తీగ, కీబోర్డు తీగ రెండూ వెనక నుంచి పీకేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పట్టపగలు. వరండా నిండా జనం. ఎవరి బిడ్డో గుక్కపెట్టి ఏడుస్తోంది.

సందేశం వచ్చింది. దాని వెనక ఓ నెగెటివ్.

దాన్ని తీసేయాలంటే మీట నొక్కాలి. తీగలు పీకేశాను కాబట్టి అది అలాగే నా ఎదురుగా నిలిచింది.

ఆ తర్వాత అన్నం సహించలేదు. ప్రతిసారీ అదే గ్రూపు ఎందుకు రావాలన్నది మనసును తొలిచేసింది. సబిహా పొట్ట పట్టుకుని మెల్లగా నడుస్తుంటే చూడలేకపోయాను. ఆఖరికి ల్యాబ్‌లో పనిచేసే యాదగిరి దగ్గరికి వెళ్లాను.

"అన్నా, సబిహాకు ఒక్కసారి గ్రూపు చూడరాదే."

"క్యాంపుల చూసిందే గద మేడమ్, మళ్ల ఎందుకు?"

ఏమని చెప్పను? "జర చూడన్నా. నా మనసు మంచిగ లేదు," అన్నాను.

సబిహా వేలు చాపుతూ నా మొహంలోకి చూసింది. "ఏమైందక్కా? నాకేమన్న అయితదా?"

"ఏం కాదు," అన్నాను. ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

యాదగిరి చూశాడు. మళ్లీ నెత్తురు తీసి ఇంకోసారి చూశాడు. "ఓ నెగెటివ్ వస్తాంది," అన్నాడు మెల్లగా.

మన దగ్గర పనిచేసే పిల్లకే గ్రూపు చూడలేదా అని డాక్టరమ్మ అందరినీ కేకలేసింది. ఓ నెగెటివ్‌కు ఓ నెగెటివే ఎక్కించాలి, ఆ గ్రూపు దొరకడం కష్టం. సబిహా భర్త ఖాజా తెలిసినవాళ్లందరినీ అడిగాడు. చివరికి హుజూర్‌నగర్‌లో ఉండే ఆమె సొంత అన్నది అదే గ్రూపని తేలింది. కాన్పు దాకా చెల్లెలి ఇంట్లోనే ఉండమని ఆయనను పిలిపించారు.

కాన్పయ్యాక నెత్తురు ఆగలేదు. డాక్టరమ్మ తానే బయటికి వచ్చింది. "వాళ్లన్న ఏడి? జల్ది రమ్మనుండ్రి!" ఆయన వరండాలో బల్ల మీదనే ఉన్నాడు. లేచి పరుగున వెళ్లాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా దక్కారు.

తర్వాత నేను ఆమె వివరాల్లో కావాలనే మళ్లీ బి పాజిటివ్ పెట్టి చూశాను. పెట్టె కదలలేదు. ఎన్నిసార్లు తెరిచినా కదలలేదు. నాకు పని నేర్పినాయన హైదరాబాద్ నుంచి వచ్చి ప్రోగ్రాం మొత్తం చదివాడు. ఒక్క తప్పూ దొరకలేదు.

సబిహా పిల్లనెత్తుకుని వచ్చి, "నీకెట్ల తెలిసిందక్కా?" అని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె పిల్ల మొహం మీదికి చున్నీ లాగింది. తిరిగి కొలువులో చేరాక కూడా తన పేరు ఎప్పుడూ తెరవలేదు.

కొన్ని నెలలకు దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన ఒకామె కాన్పులో చనిపోయింది. ఆమె గ్రూపు సరిగానే రాసి ఉంది, నెత్తురూ దొరికింది, అయినా దక్కలేదు. ఆ సాయంత్రం ఆమె పేరు తెరిచి పెట్టెను చూస్తూ కూర్చున్నాను. దేనికోసం చూస్తున్నానో నాకే తెలియదు. అది కదలలేదు.

సబిహా వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "బంద్ చెయ్యక్కా. ఇంటికి పో."

ఒకరి విషయంలో అలా ఎందుకు జరిగిందో, ఇంకొకరి విషయంలో ఎందుకు జరగలేదో నాకు ఈనాటికీ తెలియదు.