వేలిముద్రల చెట్టు

రెబెక్కది వికారాబాద్. వయసు నలభై నాలుగు. తండ్రి మల్లేశ్ దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చి ఆయన కుంచెల్ని అటకెక్కించేదాకా ఆ ఇంట్లో అన్నం కూడా టర్పెంటైన్ వాసనే వేసేది. ఆ కుంచెలనే దులిపి తీసుకుని రెబెక్క ఓ ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరైంది. బడివాళ్లు ఆ పీరియడ్ ఎత్తేసి కంప్యూటర్ పెట్టుకున్నాక కొన్నాళ్లు ఇంట్లో కూర్చుంది. ఆ తర్వాత పక్క వీధిలోని వృద్ధాశ్రమానికి వెళ్లి, ప్రతి గురువారం పెద్దవాళ్లతో బొమ్మలు వేయిస్తానని అడిగింది. అది మొదలై రెండేళ్లు. అక్కడుండేది ఎక్కువగా రిటైరైన టీచర్లు, రైల్వే గుమాస్తాలు. చేతులు వణికితే వణకనీ, రంగుల డబ్బా కనబడితే వదలరు.

బడి పోయిన నాడు తనెందుకూ పనికిరాననుకున్న మనిషి రెబెక్క. ఆమెను మళ్లీ టీచరమ్మా అని పిలిచింది ఆ ముసలివాళ్లే. అందుకే తాండూరులోని మరో ఆశ్రమం పిలిస్తే ఎగిరి గంతేసింది. అక్కడి మేనేజర్ విజయ్‌కుమార్ మాత్రం తూచి మాట్లాడే మనిషి. నాలుగు మంగళవారాలు చూద్దామన్నాడు. ఆఖరి రోజున సగం మందైనా క్లాసు కావాలని కాగితం మీద ఒప్పుకోవాలి. లేదంటే ఆ గంటలో టీవీ పెడతానన్నాడు.

మొదటి రెండు వారాలు పదకొండు మంది వచ్చారు, చూశారు, పోయారు. మూడో వారం రెబెక్క తన పెద్ద పాచిక వేసింది. వికారాబాద్‌లో పెద్ద తెల్లకాగితం మీద తను మాను, కొమ్మలు గీస్తే, అందరూ బొటనవేళ్లు రంగులో ముంచి ఆకులు అద్దారు. ఆ చెట్టు ఇప్పటికీ అక్కడి హాల్లో అద్దం వెనక ఉంది. అక్కడ పారింది ఇక్కడెందుకు పారదు? పైగా కడుక్కోవడం సులువని ఈసారి రంగుకు బదులు స్టాంపు ప్యాడ్ తెచ్చింది. ఊదా పూలు పూయిద్దామని ఆమె ఆలోచన. తెలివి తెల్లారినట్టే ఉంది!

ప్యాడ్ మూత తీయగానే చేతులన్నీ కొంగుల్లోకి, తుండుగుడ్డల కిందికి పోయాయి. సిగ్గుపడుతున్నారనుకుంది రెబెక్క. ముందు వరుసలో కూర్చున్న హన్మమ్మ చెయ్యి పట్టుకుని, నవ్వుతూ బొటనవేలిని ప్యాడ్ వైపు లాగింది. హన్మమ్మ విదిలించుకుంది.

"నా మొగని దినాలు కాకముందే నా మరిది గిట్లనే చెయ్యి వట్టిండు బిడ్డ. రాషన్ కార్డుకన్నడు. కోట్‌పల్లి కాడ రెండెకరాల కందిచేను పోయింది. తెల్లకాయితం మీద నేను నిశాని ఎయ్య."

ఆమె లేచింది. బండల గనుల్లో నలభై ఏళ్లు పనిచేసిన భీమప్ప కన్నడంలో ఏదో గొణుగుతూ ఆమె వెనకే లేచాడు. అయిదు నిమిషాల్లో గది ఖాళీ. రెబెక్కకు తల కొట్టేసినట్టయింది. దుకాణంలో ఏమమ్ముతారో అడగకుండా బోర్డు రాయొద్దని తండ్రి వందసార్లు చెప్పాడు. సంతకాలు చేసేవాళ్ల ఆటను వేలిముద్రలతో మోసపోయినవాళ్ల మీద రుద్దింది. తిరుగు రైల్లో వికారాబాద్ దాకా తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

నాలుగో మంగళవారం కాగితం తీసుకెళ్లలేదు. తాండూరులో దిగి, బండలకు పాలిష్ పెట్టే షెడ్డులో విరిగిన ముక్కలు అడిగి ఆటోలో వేయించుకుంది. సంచీలో గడపలకు పూసే ఎర్రటి జాజు, సున్నం. హన్మమ్మ దగ్గరికెళ్లి తప్పయింది అవ్వా అంది. హన్మమ్మ గిన్నెలో జాజు చూసి, నీళ్లెక్కువయ్యాయని ఇంకో పిడికెడు పోసి తనే కలిపింది. అరవై ఏళ్లు గడపలు అలికిన చెయ్యికి అది కొట్టిన పిండి. టీవీ ముందున్న భీమప్ప కాసేపు ఓపిక పట్టాడు గానీ, వాళ్లు బండ నున్నటి వైపు పూయడం చూసి ఉండబట్టలేకపోయాడు. అటువైపు రంగు పట్టదంటూ వచ్చి ముక్కలన్నీ తిరగేశాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చి చేరారు. గంటలో అందరి చేతులూ మోచేతుల దాకా ఎరుపు.

అప్పుడొచ్చాడు విజయ్‌కుమార్, కాగితం, ప్యాడ్ పట్టుకుని. పదకొండు మందిలో సంతకం వచ్చినవాళ్లు ముగ్గురే. తక్కిన వాళ్లవి వేలిముద్రలే కావాలి. వారమంతా రెబెక్క గుండెలో గుచ్చుకుంటున్నది ఇదే.

"వద్దు సార్," అంది. "క్లాసు పోతే పోనీ. వీళ్లను నేను అడగను."

అనేసి కుంచెలు సర్దడం మొదలుపెట్టింది.

"ఏం రాసిన్రు దాంట్ల?" అంది హన్మమ్మ. "సదువు బిడ్డ."

రెబెక్క చదివింది. మంగళవారం బొమ్మల క్లాసు మాకు కావాలి. అంతే. హన్మమ్మ ఇంకోసారి చదివించుకుంది. భీమప్పకు కూడా వినిపించమంది. ఆ తర్వాత కాగితం తీసుకుని వేలితో కింది భాగం తడిమింది.

"గీడ గింత జాగ ఎందుకు ఇడిసిన్రు?"

ఆమె కాగితాన్ని బండ మీద పరిచి, గుడ్డ పేలిక జాజులో ముంచి, ఆఖరి అక్షరం పక్కనుంచి తీగ గీయడం ఎత్తుకుంది. తీగ ఆ అంచు నుంచి ఈ అంచు దాకా అల్లుకుంది. ఇంకో మాట రాయడానికి ఎవరికీ సందు మిగల్లేదు. అప్పుడు బొటనవేలు జాజులోనే ముంచి, తీగ కొసన తనే ఒత్తింది. ఆమె తర్వాత భీమప్ప వచ్చాడు. ఆ వెనక మిగతావాళ్లు. రెబెక్క ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. కళ్లు తుడుచుకుంటే ముఖానికి ఎర్రరంగైంది.

విజయ్‌కుమార్ తన సంతకానికి చోటు వెతికి, దొరక్క, కాగితం వెనక్కి తిప్పాడు.

"ఆడ గూడ ఖాళీ ఇడువకు సారు," అంది హన్మమ్మ.