పగటిపూట ట్యూబులైటు

తెనాలిలో నేనున్న ఇంటి ఓనరమ్మని ఇప్పటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు. ఇన్నేళ్లయింది కదా, ఇంకా ఆ కోపమెందుకని ఎవరైనా అంటే వాళ్ల మీద కూడా కోపమొస్తుంది. ఆవిడ పైన ఉండేది, నేను కింద వెనక పోర్షన్లో. అప్పట్లో హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని, ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఆవిణ్ని పిన్నిగారూ అనేదాన్ని. వరస కలిపి పిలిస్తే మనిషి కాస్త మెత్తబడుతుందనుకున్నాను. నా తెలివి అలాంటిది.

నా పోర్షన్‌కి ఉన్నది ఒకటే పెద్ద కిటికీ, తూర్పు వైపు. నేను చేరిన రెండో ఏడు ఆవిడ ఆ కిటికీకి మూరెడు దూరంలో గోడ లేపి, పైన రేకులేసి, వేమూరు పొలం నుంచి వచ్చే ధాన్యం బస్తాలు పెట్టుకుంది. "గాలొస్తుందిగా అమ్మాయ్, వెలుతురుతో నీకేం పని? పొద్దున పోతే సాయంత్రమేగా వచ్చేది" అంది. అంతే, నా గది పొద్దున పది గంటలకి కూడా మసక మసగ్గా ఉండేది.

వెలుతురుతో పని నాకు కాదు, మా చెల్లెలికి. దానికి చిన్నప్పుడే పోలియోతో కాలు పోయింది. రేపల్లెలో మా అన్నయ్య ఇంట్లో ఓ మూల గదిలో ఉండేది, ఊళ్లోవాళ్ల చీరలకి ఫాల్స్ కుట్టేది. వదిన చెడ్డదేం కాదు. కానీ సబ్బు అయిపోతే వదిన్ని అడగాలి, చెప్పు తెగితే అన్నయ్యని అడగాలి. ముప్ఫై నాలుగేళ్ల మనిషి అలా అడగాలంటే ఎలా ఉంటుందో అడిగినవాళ్లకే తెలుస్తుంది. దానికి మొక్కల పిచ్చి. గుంటూరు రోడ్డులో నర్సరీ పెట్టిన ఒకాయన ఫంక్షన్ హాళ్లకి, ఆఫీసు గదులకి కుండీలు ఇస్తుంటాడు. ఆయన దానికి మాటిచ్చాడు. మాఘమాసం పెళ్లిళ్లకి అరవై బిగోనియాలు, మంచి రంగున్న ఆకులవి తయారుచేసి ఇస్తే, సరుకు బాగుంటే ఇక నెలనెలా నీ దగ్గరే తీసుకుంటానమ్మా అన్నాడు. ఆ మాట చెప్పడానికి అది మా స్కూలుకి ఫోన్ చేసింది. క్లాసులోంచి పిలిపించింది. అంతకుముందు అదెప్పుడూ నాకు పనిగట్టుకుని ఫోన్ చేసిన మనిషి కాదు.

రేపల్లెలో బోరు నీళ్లు ఉప్పు. ఆ నీళ్లు పోస్తే బిగోనియా ఆకు అంచులు వారంలో మాడిపోతాయి. అందుకని మొక్కలు నా దగ్గర పెంచాలనుకున్నాం. అది వచ్చి దసరా సెలవులన్నీ నా దగ్గరే ఉంది. బ్లేడుతో ఆకుల ఈనెలు కోసి, పళ్లేల్లో తడి ఇసక మీద పరిచి, ఒక్కో కోత దగ్గరా చిన్న చిన్న రాళ్లు బరువు పెట్టింది. కింద కూర్చుంటే మళ్లీ లేవడానికి దానికి ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా నన్ను ఆ పళ్లేల మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. వెళ్లేటప్పుడు, "అక్కా, కోతలు నావి. వెలుతురు నీది" అంది.

వెలుతురు నాది. సరే అన్నాను. సైన్సు టీచర్నేగా.

మొదట పాత టేబుల్ ల్యాంపులో వంద వాట్ల బల్బు పెట్టాను. నాలుగు రోజుల్లో దాని కింద ఉన్న కోతలు గోధుమ రంగు తిరిగాయి. ఆ బల్బు తాగే కరెంటులో ముప్పాతిక మువ్వీసం వేడికే పోతుందని పిల్లలకి పాఠం చెప్పేది నేనే. ఇంట్లో పెట్టింది కూడా నేనే. సిగ్గేసింది. తర్వాత సీఎఫ్ఎల్ ఒకటి తెచ్చాను. వేడి తక్కువే కానీ, వెలుగంతా నడిమధ్యన పడేది. అంచుల్లో ఉన్న పిలకలు మెడలు సాచి మధ్యకి వాలిపోయేవి. చివరికి బోసు రోడ్డులో ఎలక్ట్రికల్ షాపుకి వెళ్లి మొక్కలకి లైటు కావాలన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మొక్కలకి లైటేంటి మేడం, లైట్ తీస్కోండి" అని వాళ్ల గుమాస్తా వైపు చూసి నవ్వాడు. ఆ రోజుల్లో ప్రతి వెధవ నోట్లో ఆ మాటే. నవ్వడం అయ్యాక నాలుగడుగుల సన్న ట్యూబు, ఎలక్ట్రానిక్ చోకు ఇవ్వండన్నాను. రాగి చోకు అయితే వేడెక్కుతుంది, మా వీధిలో ఉన్న లో-ఓల్టేజికి సాయంత్రం వెలగనే వెలగదు. టైమరు కూడా పెట్టుకోమన్నాడు. రోజుకో వేళ కరెంటు పోయే ఊళ్లో టైమరు ఎవరి కొంప ముంచడానికి? వద్దన్నాను.

ట్యూబుని గోడకి కొట్టలేదు. పైన మేకులు కొట్టి నైలాను తాళ్లతో అడ్డంగా వేలాడదీశాను, ఆకులకి జానెడు ఎత్తులో. మొక్క ఎదిగేకొద్దీ తాడు ఒక ముడి పైకి. మూడు వైపులా తెల్ల థర్మోకోల్ షీట్లు నిలబెట్టాను, వెలుగు పక్కలకి పోకుండా తిరిగి ఆకుల మీదే పడేట్టు. గదిలో నాలుగు లైట్లు పెట్టినా రానిది ఈ ఒక్క ట్యూబుతో వచ్చింది. పొద్దున ఆరింటికి వేస్తే రాత్రి ఎనిమిదికి తీసేసేదాన్ని. నెలన్నర తిరిగేసరికి అరవై మూడు మొక్కలు, ఒక్కోదానికి మూడేసి ఆకులు, వెండి చారలు, అడుగున ఎరుపు. ఎంత ముద్దుగా ఉన్నాయో.

ఓనరమ్మకి ఆ లైటు చూస్తే ఒళ్లు మంట. సబ్ మీటరు నాది, ఆవిడకి పోయేదేం లేదు. "పట్టపగలు దీపమేంటమ్మాయ్, శవం తల దగ్గర పెట్టినట్టు" అనేది. రాత్రి ఎనిమిదికి తీసేస్తే, "ఊరంతా లైట్లేసుకుని కూర్చునే వేళకి నువ్వు చీకటి చేస్తావు" అనేది. వేసినా తప్పే, తీసినా తప్పే. నేను పిన్నిగారూ, పిన్నిగారూ అంటూ పళ్లికిలించేదాన్ని. అది తల్చుకుంటే నా మీద నాకే రోత.

డిసెంబర్లో బాపట్లలో పన్నెండు రోజుల ట్రైనింగు పడింది. రాత్రిళ్లు కూడా అక్కడే ఉండాలన్నారు. తాళం ఇచ్చి వెళ్లడానికి ఆవిడ తప్ప ఎవరున్నారు? గదిలోకి తీసుకెళ్లి స్విచ్చి చూపించి చెప్పాను. "పొద్దున్నే వెయ్యండి, రాత్రి ఎనిమిదికి మర్చిపోకుండా లైటు తీసేయండి పిన్నిగారూ. నీళ్లు రెండ్రోజులకోసారి, ఒక్క గ్లాసు, పళ్లెంలో." "అలాగేలేమ్మా" అంది.

నా భయమంతా ఆవిడ కావాలని రాత్రంతా లైటు అలాగే వదిలేస్తుందేమోనని. చోకు కాలిపోతే? తాడు అంటుకుంటే? రోజూ భోజనాలయ్యాక ఎస్టీడీ బూతుకి నడిచి వెళ్లి ఫోన్ చేసేదాన్ని. "పిన్నిగారూ, లైటు తీశారా?"

"తీసేశానమ్మా."

"మొక్కలు బాగున్నాయా?"

"నీళ్లు పోస్తూనే ఉన్నా."

పన్నెండు రోజులూ ఇదే. మధ్యలో ఆదివారం వచ్చింది. తెనాలి రైలెక్కితే గంట ప్రయాణం. అందరూ సూర్యలంక వెళ్దామంటే నేనూ వెళ్లాను. ఇసకలో కూర్చుని వేయించిన చేపలు తిని, చీర అంచులు తడుపుకుని వచ్చాను. ఆ రాత్రి కూడా ఫోన్ చేశాను. తీసేశానంది.

తిరిగొచ్చి తలుపు తీస్తే కుళ్లు కంపు. స్విచ్చి వేశాను, వెలగలేదు. తలెత్తి చూస్తే అక్కడ ట్యూబు లేదు. తాళ్లు వేలాడుతున్నాయి. ట్యూబూ, పట్టీ, చోకూ అన్నీ పాత పేపర్లో చుట్టి, పురికొసతో కట్టి, అటక మీద భద్రంగా పెట్టి ఉన్నాయి. చీకట్లో, తలుపులేసిన గదిలో, రోజూ చెంబుల కొద్దీ నీళ్లు తాగిన మొక్కలు నల్లటి జిగురైపోయాయి. వేలితో తాకితే జారిపోయాయి. ఒక్కటి మిగల్లేదు.

మెట్లెక్కి వెళ్లి అడిగాను. మనవరాలిని చూసుకోడానికి పెళ్లివారొచ్చారట. సందులోంచి వచ్చేవాళ్లకి నా వెంటిలేటర్లోంచి పట్టపగలు వెలిగే దీపం కనబడితే అశుభమట. నేనెళ్లిన రోజే ఎలక్ట్రీషియన్ని పిలిచి దించేయించిందట.

"మరి రోజూ తీశానని చెప్పారేంటండి?"

"తీశారా అనడిగావు, తీశానన్నాను. నేనేమన్నా అబద్ధమాడానా ఏంటి?"

మా ఇళ్లల్లో లైటు ఆర్పమని ఎవరూ అనరు. ఆ మాట మంచిది కాదని తీసెయ్యమంటారు. అది ఆవిడకీ తెలుసు. తెలిసి పన్నెండు రాత్రులు నన్ను బూతు దాకా నడిపించింది. నోటికొచ్చినట్టు తిట్టాను. పిన్నిగారూ గిన్నిగారూ అన్నీ పోయాయి. పెళ్లివారు మెచ్చి వెళ్లారట, ఆవిడ మొహంలో ఆ వెలుగు కాస్త కూడా తగ్గలేదు. నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేశాను.

కానీ ముందు రేపల్లె వెళ్లాలి. మర్నాడే ప్యాసింజరెక్కాను. మళ్లీ ఆకులు కోసి మొదలుపెడితే మొక్క చేతికి రావడానికి నాలుగు నెలలు. మాఘమాసానికి ఉన్నది రెండు నెలలు కూడా కాదు. ఆ నర్సరీ ఆయన ఎవరి కోసమూ ఆగే మనిషి కాదు. దారంతా ఓనరమ్మనే తిట్టుకున్నాను, అలా తిట్టుకుంటే చెల్లెలికి చెప్పడం తేలికవుతుందేమోనని.

అది వసారాలో మంచం మీద కూర్చుని అంతా విన్నది. నేను గోడ దగ్గర్నుంచి మొదలుపెట్టి పెళ్లివారి దాకా చెప్పాను. ఆవిడ ఎంత దుర్మార్గురాలో చెప్పాను. "నేనేం నిర్లక్ష్యం చెయ్యలేదే. రోజూ ఫోన్ చేశాను, ఒక్కరోజు తప్పలేదు" అన్నాను.

"రోజూ తీశారా అనడిగావు" అంది అది, మెల్లగా. "ఒక్కరోజన్నా వేశారా అనడిగావా అక్కా?"

అడగలేదన్నాను. అది గోడ పట్టుకుని లేచి, కంచంలో నాకు అన్నం వడ్డించి, తను తినకుండా తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.