ఊరి వంతు క్యారేజీ

2023లో వానలు మొదలైన రోజులు. నేను బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేరి అప్పటికి పదేళ్లు దాటింది. డైటీషియన్ అంటే రోగికి ఏం తినాలో, ఎంత తినాలో చెప్పే మనిషి. మా అత్తగారి లెక్కలో అయితే "అందరినీ తినొద్దని చెప్పి జీతం తీసుకునే ఉద్యోగం". డాక్టరు గారి గదిలోకి తోసుకుంటూ వెళ్లే జనం నా గదికి వచ్చేసరికి హెడ్మాస్టరు పిలిచినట్టు మొహం పెడతారు. తొక్కుడు లడ్డూకి పేరుపడ్డ ఊళ్లో తీపి తగ్గించండని చెప్పి బతకడం ఎంత సులువో మీకు వేరే చెప్పక్కర్లేదు.

సాంబశివరావు గారు ఖాకీ బట్టల్లోనే వచ్చి కుర్చీ అంచున కూర్చున్నారు. యాభై దాటిన మనిషి, ప్రభుత్వ బస్సు డ్రైవరు. పొట్ట స్టీరింగుకు తగులుతోందని ఆయనే చెప్పారు, నేను అనలేదు. బందరు నుంచి చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా దివిసీమలో సముద్రం వైపు ఉన్న ఒక చిన్న ఊరి దాకా వెళ్లే బస్సు ఆయనది. రోజు విడిచి రోజు నైట్ హాల్టు డ్యూటీ. అంటే సాయంత్రం బస్సు ఆ ఊరు చేరి, రాత్రికి అక్కడే ఉండిపోయి, తెల్లవారుజామున మొదటి ట్రిప్పుగా బందరు బయల్దేరుతుంది. కాలేజీ పిల్లలు, చేపల తట్టలతో ఆడవాళ్లు, ఆసుపత్రికి వచ్చే ముసలివాళ్లు, అందరికీ అదే దిక్కు.

ఆయన చేతిలో హెచ్‌బీఏ1సీ రిపోర్టు ఉంది. గడిచిన మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎలా ఉందో చెప్పే పరీక్ష అది. ముందురోజు పస్తుండి దాన్ని మోసం చేయడం కుదరదు. తొమ్మిది దాటి ఉంది. ఏడు దగ్గర ఉంటే మాకు స్థిమితంగా ఉంటుంది.

"డిపో డాక్టరు గారు మూడు నెలలు టైమిచ్చారండీ. తగ్గకపోతే స్టీరింగు మీంచి దించేసి ఇంకో పని చూపిస్తారట. నా చేతులకి ఇంకో పని రాదండీ" అన్నారు. తలుపు వైపు చూసి, గొంతు తగ్గించారు. "ఇంకోటండీ. మొన్న పొద్దున మోపిదేవి దాటాక ఒక్క క్షణం కన్ను మూతపడింది. కండక్టరు కేకేస్తే తెరిచాను. బస్సు నిండా జనమండీ."

ఆ మాట అప్పటికప్పుడే మా డాక్టరు గారి చెవిన వేయించాను. ఆయన మందులు మార్చి, వారం రోజులు సెలవు పెట్టించి, ఆ తర్వాతే బండి ఎక్కమన్నారు. తిండి సంగతి నాకు వదిలేశారు.

నేను చేసింది మా వృత్తిలో అందరూ చేసేదే. డైట్ చార్టు రాసిచ్చాను, రోజూ నడవమన్నాను, జాగ్రత్తలు చెప్పాను. సెలవైపోయి డ్యూటీలో పడ్డాక మళ్లీ వచ్చారు. వేలి కొన మీద పొడిచి చూస్తే చక్కెర ఎక్కడిదక్కడే ఉంది.

"చార్టు చూస్తున్నారా?" అని అడిగాను.

"ఎందుకు చూడనండీ! లామినేషన్ చేయించి బస్సులో నా సీటు పక్కనే పెట్టుకున్నాను."

నవ్వాలో, తిట్టాలో తెలియలేదు. రాత్రి ఏం తింటున్నారో వరసగా చెప్పమన్నాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

ఆ ఊళ్లో హోటలు లేదు. ఎప్పటినుంచో ఒక ఆనవాయితీ ఉంది. బస్సు రాత్రికి ఆగితే డ్రైవరుకీ కండక్టరుకీ భోజనం ఊరిదే. ఇంటికొక వంతు. ఆ ఇంటి నుంచి క్యారేజీ వస్తుంది. ఒక్కో ఇంటికి వంతు ఎప్పటికో గాని రాదు కాబట్టి, వచ్చిన రోజున ఆ ఇల్లాలు తన చేతివాటమంతా చూపిస్తుంది. చేపల పులుసు, గారెలు, పప్పు, ముద్దపప్పు మీద నెయ్యి, కింద గిన్నెలో పాయసమో, బూరెలో. వాళ్లకి ఎప్పుడో ఒకసారి పండగ. ఈయనకి డ్యూటీ ఎక్కిన ప్రతి రాత్రీ పండగే.

"కాస్త మిగల్చొచ్చు కదండీ."

"అమ్మో! గిన్నె ఖాళీగా వెళ్లకపోతే పక్కింటావిడ ముందు పెట్టినావిడకి తలవంపులండీ. పోయినేడు ఒకసారి కడుపు బాగోక ఒకావిడ పులుసు వదిలేస్తే, ఉప్పెక్కువైందా అని పొద్దున్నే బస్సు దగ్గరికొచ్చి నిలబడింది."

నిద్ర సంగతి అడిగాను. బస్సులో వెనక పొడుగు సీటే పడక. అద్దాలు వేస్తే ఉక్క, తీస్తే దోమలు. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖం ఎరగదు అంటారు గానీ, దివిసీమ దోమల్ని ఎరగని వాళ్లెవరో అన్న మాట అది. "పట్టీపట్టని నిద్రతో లేచిన పొద్దున నోరు ఊరుకోదండీ. తీపో, నూనెలోదో ఏదో ఒకటి పడాలి. చల్లపల్లి బస్టాండులో మైసూరు బజ్జీ వాసనొస్తే బ్రేకు దానంతటదే పడుతుంది."

ఇది ఆయన బలహీనత కాదు. దీన్ని మేం క్రేవింగ్ అంటాం. కడుపు నిండి ఉన్నా ఫలానాదే కావాలని నాలుక పట్టే మొండిపట్టు. నిద్ర చాలని ఒంటికి ఆ పట్టు ఎక్కువ. రాత్రి దొరకని బలాన్ని పొద్దున పంచదారలో వెతుక్కుంటుంది.

"డ్యూటీ మార్పించుకోండి" అన్నాను.

"నేను మానేస్తే ఇంకొకళ్లు రారండీ ఆ దోమల్లోకి. బస్సు అవనిగడ్డలోనే ఆపేస్తారు. ఆ పిల్లలు కాలేజీకి ఎలా వస్తారు?"

"అయితే ఊళ్లో చెప్పేయండి, నాకు షుగరని."

ఆయనకి ప్రాణం ఒప్పలేదు. షుగరు మనిషి చేతిలో మా ప్రాణాలా అంటారేమోనని భయం. చివరికి, వంతులు చూసే రత్తమ్మ గారనే పెద్దావిడ చెవిలో వేశారు. ఊరు ఆయన్ని ఒక్క మాట అనలేదు. అయ్యో పాపం అని గుండెల్లో పెట్టుకుంది. అక్కడే కొంప మునిగింది.

తర్వాతి సారి వచ్చినప్పుడు చక్కెర అంతకుముందు కంటే పెరిగింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డాం. ఆయన నిజాయితీగా చెప్పుకొచ్చారు. షుగరన్నావు కదా అని ఒకరు అన్నం మానేసి చపాతీలు దొంతరగా పంపారట. ఇంకొకరు చపాతీతోపాటు, నీరసపడతాడని, అన్నం కూడా పెట్టారట. కాకరకాయ షుగరుకి మంచిదని బెల్లం వేసి నూనెలో ముంచి వేయించారు. రాగి జావలో తేనె. భోజనం అయ్యాక అరటిపళ్లు. పాయసం, బూరెలు మానేసి, వాటి బదులు బెల్లం సున్నుండలు. ఏ ఇంటివాళ్లూ ఒక్క పంచదార పలుకు వేయలేదు!

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ రత్తమ్మ గారికి ఫోను కలపండి" అన్నాను. కలిపారు.

"మేం బిడ్డలా చూసుకుంటున్నామమ్మాయ్. అంతా బెల్లమే" అంది ఆవిడ, మెప్పు కోసం ఎదురుచూస్తున్న గొంతుతో.

"బెల్లం పంచదారకి సొంత అక్కండీ. అక్క వచ్చినా చెల్లెలు వచ్చినా చేసేది ఒకటే."

"అయితే ఫోన్లో కాదు, నేనే వస్తా. కళ్లతో చూస్తే గాని నాకు ఎక్కదు" అని పెట్టేసింది.

అన్నట్టే, ఆయన డ్యూటీ నాటి మొదటి బస్సుకి ఆయన వెనకాలే దిగింది. డెబ్బై ఏళ్లుంటాయి. చేతిలో ఖాళీ క్యారేజీ. నా మధ్యాహ్నం భోజనం బల్ల మీద విప్పి, ఆవిడ ముందే స్టీలు పళ్లెంలో వడ్డించాను. సగం పళ్లెం కూరలూ ఆకుకూరలూ. మిగతా సగంలో ఒక పక్క పప్పు, ఇంకో పక్క కప్పుడు అన్నం. దీన్ని మేం పోర్షన్ అంటాం, అంటే ఒక పూటకు పళ్లెంలో పడాల్సిన కొలత.

రత్తమ్మ గారు ఆ అన్నం వైపు చాలాసేపు చూసింది. "ఇది పెట్టి పంపిస్తే మా ఊరి పరువేం కాను? కాకికి పెట్టినట్టుంది."

"కూర ఎంతైనా పెట్టండి. చేపల పులుసు మానొద్దు, మీ చేతి పులుసు గురించి వచ్చినప్పుడల్లా చెప్తారాయన. అన్నం మాత్రం ఈ కప్పే. తీపి వద్దు, బెల్లమైనా సరే."

"మరి గిన్నె వెలితిగా కనిపిస్తుందే?"

"చిన్న గిన్నె పెట్టండి."

ఆవిడ మొహం విప్పారింది. పరువుకి దారి దొరికింది! అప్పుడు నేను, ఈయన నోరు ఆగాలంటే తిండి ఒక్కటే చాలదని, రాత్రి కంటినిండా నిద్ర పడాలని చెప్పి, పడుకోవడానికి ఊళ్లో చోటేమైనా దొరుకుతుందా అని అడిగాను. రత్తమ్మ గారు సాంబశివరావు గారి వైపు తిరిగి, "ఎన్నేళ్లనుంచి ఆ సీటు మీద పడుకుంటున్నావు తమ్ముడూ?" అంది.

"ఈ రూటులో వేసినప్పటినుంచీ, అక్కా."

"ఇన్నేళ్లూ కడుపు చూశాం గాని కన్ను చూడలేదురా" అని కొంగుతో మొహం తుడుచుకుంది. నేను ఆ కాస్త సేపూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను, ఎందుకంటే నాకూ కళ్లు చెమర్చాయి.

ఆ వారంలోనే ఊళ్లో పాలకేంద్రం ముందు గది ఖాళీ చేశారు. రెండు మంచాలు, ఫ్యాను, దోమతెరలు. కిటికీలోంచి బస్సు కనిపిస్తుంది కాబట్టి ఆయనకీ, కండక్టరుకీ బెంగ లేదు. వంతు ఇళ్లన్నీ ఒకే రకం చిన్న గిన్నెల క్యారేజీ వాడాలని రత్తమ్మ గారు తీర్మానించింది. ఆ తీర్మానానికి ఎదురు చెప్పే మొనగాడు ఊళ్లో లేడు.

అంతటితో అన్నీ కుదిరిపోయాయని చెప్తే అబద్ధం. కరెంటు పోయిన రాత్రులు ఉంటాయి, గాలివాన రాత్రులు ఉంటాయి. అలా నిద్ర చెడిన పొద్దుటి కోసం ఇద్దరం కూర్చుని కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాం. టీ కంటే ముందు ఉడకబెట్టిన గుడ్డు, గుప్పెడు వేయించిన శనగలు కడుపులో పడాలి. ఖాళీ కడుపుతో చల్లపల్లి చేరకూడదు. నడక కాలవగట్టు మీద. బాగా నిద్రపట్టిన రోజు వంతెన దాకా, పట్టని రోజు ఇవతలే ఉన్న లాకుల దాకా వెళ్లి వెనక్కి. తగ్గించొచ్చు గాని మానకూడదు. కళ్లు మూతలు పడుతుంటే మాత్రం బండి తీయకూడదు, డిపోకి ఫోన్ చేయాలి. ఈ చివరి దానికి కండక్టరు దగ్గర కూడా మాట తీసుకున్నాను.

ఒకరోజు మొహం వేలాడేసుకుని వచ్చారు. "పోయిందండీ అంతా. రాత్రి కరెంటు లేదు, నిద్ర లేదు. చల్లపల్లిలో దిగి ప్లేటు బజ్జీ తిన్నాను. ఎలాగూ చెడిపోయింది కదా అని మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం హల్వా."

"మీరెప్పుడైనా ఒక స్టాపులో ఆపడం మర్చిపోయారా?"

"ఒకటి రెండుసార్లు జరిగిందండీ."

"అప్పుడు ట్రిప్పు మొత్తం రద్దు చేసి బస్సు కాలవలోకి తోలారా?"

పెద్దగా నవ్వారు. ఆ గదిలో ఆయన నవ్వు వినడం అదే మొదలు. బజ్జీ తిన్న మరుసటి పూటే మామూలు భోజనానికి రావడం ఆయన ఆ రోజు నేర్చుకున్నారు. చార్టులో నేను రాయలేకపోయిన మాట అదే.

మూడు నెలల పరీక్షలో అంకె ఏడుకి కాస్త పైన నిలిచింది. అందులో డాక్టరు గారి మాత్రల వాటా ఉంది, ఘనతంతా నాదంటే కళ్లు పోతాయి. డిపో డాక్టరు గారు సంతకం పెట్టారు. సాంబశివరావు గారు ఆ కాగితం నాకు చూపించడానికి సరాసరి ఆసుపత్రికే వచ్చారు. మిఠాయి పొట్లం తేబోయి, గుమ్మంలో గుర్తొచ్చి, జామకాయలు కొనుక్కొచ్చారు.

చలికాలంలో రత్తమ్మ గారు కబురు పెట్టింది, ఒక్కసారి మా ఊరు రమ్మని. ఒక శనివారం సాయంత్రం ఆయన బస్సులోనే వెళ్లాను. పాలకేంద్రం గదీ, దోమతెరలూ చూశాను. ఆయనకి చిన్న గిన్నెల క్యారేజీ వచ్చింది. నాకు మాత్రం రత్తమ్మ గారింట్లో విస్తరి వేశారు. పులుసు, గారెలు, నెయ్యి, ఆఖర్న సున్నుండలు.

"ఇంత తినలేనండీ" అన్నాను.

"నీకు షుగరు లేదుగా! తిను."

తిన్నాను. ఆవిడ మొహం చూస్తూ వద్దనడం నా వల్ల కాలేదు. ఆయన ఏళ్ల తరబడి ఏం అనుభవించారో నాకు ఒక్క పూటలో అర్థమైంది. ఎదుటి మనిషి మనసు కష్టపెట్టకుండా పళ్లెం పక్కకి జరపడం ఈ డెల్టాలో పుట్టిన వాళ్లెవరికీ ఒంటరిగా చేతనయ్యే పని కాదు. అప్పటినుంచి నా గదికి ఎవరొచ్చినా, ఏం తింటున్నారని అడగడానికి ముందు, ఎవరు పెడుతున్నారు, రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు అని అడుగుతున్నాను. వీలైతే ఆ పెట్టే మనిషిని కూడా పిలిపిస్తున్నాను.

మర్నాడు తెల్లవారుజామున మొదటి బస్సెక్కాను. కడుపు బరువుతో నాకు రాత్రంతా సరిగా నిద్రలేదు. అవనిగడ్డ దాటేసరికి బస్సులో అందరూ జోగుతున్నారు. చేపలావిడ తట్ట మీద తల వాల్చింది, ఎదుటి సీటులో కాలేజీ పిల్ల కిటికీ చువ్వకి ఆనుకుని పడుకుంది. ముందున్న అద్దంలో సాంబశివరావు గారి కళ్లు కనిపించాయి. తేటగా, నిలకడగా రోడ్డు మీదే ఉన్నాయి. మోపిదేవి రాకముందే నేనూ నిశ్చింతగా కళ్లు మూసుకున్నాను.