నెపమంతా సూది మీద

రిటైరైన పైలట్లు ఇద్దరు ఒకచోట చేరితే మూడో మనిషి లేచి వెళ్లిపోవడమే క్షేమం. బీపీ మాత్రల సంగతి, మోకాళ్ల సంగతి అయ్యాక మిగిలేది ఒక్కటే: మా కాలంలో. మా కాలంలో దారి చూపడానికి ఉపగ్రహాలు లేవు. నేల మీద ఒక స్తంభం ఉండేది, అది రేడియో సంకేతం పంపేది. దాన్ని బీకన్ అనేవాళ్లం. విమానంలో ఒక డయలు, అందులో ఒక సూది. సూది బీకన్ వైపు తిరిగేది, మేము సూది వెంట పోయేవాళ్లం. దగ్గర్లో ఉరిమే మబ్బు ఉంటే అదే సూది బీకన్‌ను వదిలేసి మబ్బు వైపు మొగ్గేది. అలాంటిదాన్ని నమ్ముకుని జనాన్ని మోశామని ఇప్పుడు మీసం తిప్పుతాం గానీ, అప్పట్లో దాన్ని తిట్టని రోజు లేదు.

గాలి బాగుంటుందని నేను వికారాబాద్‌లో స్థిరపడ్డాను. ఒకప్పుడు నా పక్క సీట్లో కోపైలట్‌గా కూర్చున్న మిత్రుడు తాండూరులో ఉంటాడు. వాళ్లది బొంరాస్‌పేట దగ్గర వ్యవసాయ కుటుంబం. గాలి గురించి ఆయనకు పెద్ద పట్టింపు ఉన్నట్టు లేదు, ఇంటికి మూడు దిక్కులా బండలు కోసే మిషన్లే. నెలకోసారి నేను రైలెక్కి వెళ్తాను. ఆయన భార్య చాయ్ పోస్తుంది. మేమిద్దరం మూలపడ్డ యంత్రాలను తలుచుకుని, బతికుండగా ఎన్నడూ చెయ్యనంత మర్యాద వాటికి చేస్తాం.

ఈ కూర్చోవడంలో నా కథ ఒకటి తప్పకుండా వస్తుంది. వానాకాలం, సాయంత్రం, సముద్రం ఒడ్డున ఒక ఊరు. కిందికంటా మబ్బు. ఉరుముకు సూది మోసపోయి మమ్మల్ని ఇంకో దిక్కుకు లాక్కుపోయింది. దిగుతుంటే రెక్క పక్కనే ఎర్ర దీపాల టవర్ కనబడింది. నేను చటుక్కున విమానాన్ని పైకి లేపి అందరి ప్రాణాలూ కాపాడాను. ఈ కథ పెళ్లిళ్లలో చెప్పాను, రిటైర్మెంట్ సభలో చెప్పాను, మా బిడ్డకు అన్నం తినిపిస్తూ చెప్పాను. అది విని విని ఆమె పైలట్ అయింది. ఇప్పుడు ఒక కంపెనీలో కోపైలట్.

ఇందులో వాన నిజం, మబ్బు నిజం, టవర్ మరీ నిజం. సూది మోసపోవడం ఒక్కటే నా కల్పన. ఆ సూదిని నడిపే రేడియోలో మామూలు రేడియో స్టేషన్లు కూడా వినబడేవి. ఆ రోజు క్రికెట్ మ్యాచ్ ఉంది. స్కోరు కోసం నేనే బీకన్ తీసేసి స్టేషన్ పెట్టాను. ఇంతలో ఎయిర్‌పోర్టు కంట్రోల్ వాళ్లు పిలిస్తే సౌండ్ తగ్గించాను, స్టేషన్ మార్చడం మరిచాను. సూది పాపం ఎంతో నిజాయితీగా మమ్మల్ని తిన్నగా రేడియో స్టేషన్ టవర్ దగ్గరికి చేర్చింది. ఆడలేక మద్దెల ఓడు అన్నారు గదా, ఇంట్లో నేను నెపం సూది మీదికి నెట్టాను.

ఆఫీసులో ఆ అవసరం కూడా రాలేదు. కెప్టెన్ విమానం నడుపుతున్నప్పుడు రేడియోలు చూసే పని కోపైలట్‌ది. అది రూలు, ఆ రోజు కోపైలట్ ఈ మిత్రుడే. విచారణకు కూర్చున్న పెద్దలు ఆ రూలు చదివి ఆయన వైపు చూశారు. ఆయన నా వైపు చూశాడు. నేను బల్ల వైపు చూశాను. తప్పు నాదేనని ఆయన మెల్లగా ఒప్పుకున్నాడు. దాంతో ఆయన కెప్టెన్ కావడం నాలుగేళ్లు వెనక్కి పోయింది. నేను అబద్ధమాడానని మాత్రం ఎవరూ అనలేరు. రూలుకు ఎదురు చెప్పలేదు, అంతే. వినయం నాకు పుట్టుకతో వచ్చింది.

మొన్న మా బిడ్డ సెలవు మీద వచ్చి, తాండూరుకు తానే తీసుకుపోతానంది. ఉన్నది ఒకటే రోడ్డు, అయినా ఫోన్లో మ్యాప్ పెట్టుకుంది. సిమెంటు లారీల వెనక పాకుతూ చేరేసరికి మధ్యాహ్నమైంది. కందిపప్పుతో కడుపునిండా తిన్నాక మిత్రుడి భార్య వంటింట్లోకి వెళ్లింది, నేను అలవాటు కొద్దీ కథ మొదలుపెట్టాను. టవర్ దాకా వచ్చాను. మా బిడ్డ ఈసారి కూతురిలా వినలేదు, పైలట్‌లా విన్నది. ప్రతి బీకన్ తన పేరును టిక్కుటక్కు శబ్దాలతో చెప్పుకుంటూ ఉంటుంది. ఆ పేరు చెవితో వినందే సూదిని నమ్మొద్దని మొదటిరోజే నేర్పుతారు. ఆమె నన్ను వదిలేసి ఆయన్ని అడిగింది.

"అంకుల్, బీకన్ పేరు మీ ఇద్దరిట్ల ఎవరు విన్నరు?"

ఆయన నా వైపు చూడకుండానే జవాబిచ్చాడు.

"వినాల్సింది నేనే బిడ్డ. వినలే. తప్పు నాదే."

అప్పుడు విచారణలో అన్న మాటే. మా బిడ్డ తలూపి, పని సరిగా రాని మనిషిని చూసినట్టు ఆయన్ని జాలిగా చూసింది. నాలుగేళ్లు పోగొట్టుకున్నప్పుడు ఆయన ముఖం చూసి కూడా తట్టుకున్నవాణ్ని, ఆ చూపు తట్టుకోలేకపోయాను. ఆయన కాదని, మ్యాచ్ కోసం స్టేషన్ మార్చింది నేనని, మళ్లీ బీకన్ పెట్టడం మరిచిందీ నేనేనని చెప్పేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె అడిగింది ఒక్కటే మాట. "విచారణల చెప్పినవా నాన్నా?"

చెప్పలేదన్నాను. ఆమె లేచి కారు దగ్గరికి వెళ్లి నిలబడింది. మిత్రుడు నా భుజం తట్టి, ఎప్పుడో అయిపోయిన ముచ్చట, ఇప్పుడెందుకు సార్ అన్నాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను సార్ అనే అంటాడు. నేను ఆయన ముఖం చూడలేక వంటింట్లోకి వెళ్లాను. ఆ నాలుగేళ్లూ మొగుడితో పాటు కాచుకున్నది ఆయన భార్యే. ఆమెకైనా నా నోటితో చెప్పాలనిపించింది. ఆమె చాయ్ వడగడుతోంది. చెల్లెమ్మా, ఆ రోజు తప్పు మీ ఆయనది కాదు అని మొదలుపెట్టాను.

"ఎరుకనే అన్నా," అన్నది ఆమె, చెయ్యి ఆపకుండానే. "గా దినమే ఇంటికొచ్చి చెప్పిండు."

మరి ఇన్నేళ్లలో నన్ను ఒక్కమాటైనా ఎందుకు అడగలేదన్నాను. ఆమె గ్లాసు నా చేతికిచ్చి, మొదటిసారి నా ముఖంలోకి సూటిగా చూసింది.

"నెలనెల మీరు రైలెక్కి వస్తుంటే, గిది చెప్పనీకే వస్తున్నరనుకున్న. పోయిన నెల గూడ గట్లనే అనుకున్న."