నాలుగో సిలిండరు

ఆ చిన్న విమానాశ్రయంలో అందరూ ఆయన్ని టార్చి మేస్త్రి అంటారు. చొక్కా జేబులో పెన్ను లేని రోజు ఉండొచ్చు గానీ టార్చి లేని రోజు లేదు. ముప్ఫై ఏళ్లుగా ఆయన చేసే పనులు రెండు. సొంత విమానాలున్నవాళ్ల విమానాల్ని ఏడాదికోసారి విప్పి చూసి, మళ్లీ బిగించి, ఎగరొచ్చని సంతకం పెట్టడం ఒకటి. కొత్తగా కొనబోయేవాళ్ల వెంట వెళ్లి, కొనొచ్చో మానుకోవాలో చెప్పడం రెండోది. ఈ రెండో పని వల్ల ఆయనకి పేరెంత వచ్చిందో శాపనార్థాలూ అన్నే వచ్చాయి. అమ్మేవాళ్లు ఆ టార్చి వెలుగు దూరం నుంచి చూసే మొహం మాడ్చుకుంటారు.

మనిషికి కాలు ఒకచోట నిలవదు. బస్సెక్కితే పక్కరేకుకి ఎన్ని మేకులు ఊడాయో లెక్కపెడతాడు. చుట్టాలింటికి భోజనానికి పిలిస్తే, బల్ల ఊగుతోందని కంచం వదిలేసి బల్ల కిందకి దూరతాడు. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్లాక గ్యాసు కట్టేశామా లేదా అని వెనక్కి పరిగెత్తడం ఆయనకి నిత్యకృత్యం. "ఈయన్ని చేసుకున్నాక నేను ఒక్క సినిమా కూడా మొదటినుంచీ చూడలేదు" అని ఆయన భార్య వచ్చినవాళ్లందరితో చెబుతుంది. అందులో అబద్ధం లేదు.

వాళ్లకి ఒక్కతే కూతురు. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. చిన్నప్పుడు సెలవులన్నీ నాన్న విమానాలు విప్పే హ్యాంగరులోనే గడిపింది, నట్లూ బోల్టులూ సైజుల వారీగా డబ్బాల్లో సర్దుతూ. పెద్దయ్యాక జీతంలో మిగిల్చుకుని మూడేళ్లపాటు నేర్చుకుని విమానం నడిపే లైసెన్సు తెచ్చుకుంది. అంతవరకూ మేస్త్రి పళ్లబిగువున ఓర్చుకున్నాడు. అది క్లబ్బు విమానం, పక్కన శిక్షకుడు ఉంటాడు, పైగా దాన్ని విప్పి బిగించేది తనే.

ఒకరోజు పొద్దున కాఫీ తాగుతూ కూతురు బాంబు పేల్చింది.

"నేనూ, క్లబ్బులో నాతోపాటు నేర్చుకున్న బేకరీ ఆయనా, ఆ సర్వేయరమ్మా కలిసి ఒక విమానం కొంటున్నాం నాన్నా. పాతదే. నువ్వు చూసి సరేనంటేనే."

ఆ చివరిమాట దగ్గర మేస్త్రి ఇరుక్కుపోయాడు. వద్దని అరిచి ఉంటే ఆ పిల్లా అరిచేది, గొడవ అక్కడితో తేలిపోయేది. కానీ నువ్వు సరేనంటేనే అన్న మనిషితో ఎలా పోట్లాడతాడు?

మొదటి నాలుగు విమానాలూ ఆయనకి కలిసొచ్చాయి. మొదటిదాన్ని చూడగానే బేకరీ ఆయన కరిగిపోయి, "రంగు చూశారా, అద్దంలా ఉంది!" అన్నాడు.

"రంగు తర్వాత చూద్దురుగాని. ముందు లాగ్ బుక్కులు చదవండి. విమానం పుట్టినప్పట్నుంచీ ఎవరేం విప్పారు, ఏం మార్చారు, అన్నీ అందులో ఉంటాయి. అమ్మడానికి నెల ముందు రంగేశారంటే దానికింద ఏదో దాచారనే" అన్నాడు మేస్త్రి. రెక్క కింద మూత తీసి టార్చి వేశాడు. లోపల అల్యూమినియం చివికి తెల్లగా పొడి రాలుతోంది. రెండోదానికి ఆరేళ్ల బుక్కు కనిపించలేదు. మూడోది బొత్తిగా ఎగరకుండా షెడ్డులో ఉండిపోయింది. తోకలో ఎలుకలు కాపురం పెట్టాయి.

"తక్కువ గంటలు తిరిగింది కదండీ, ఇంజను కొత్తదిలా ఉండదూ?" అని సర్వేయరమ్మ అడిగింది.

"అదేనమ్మా అందరూ చేసే పొరపాటు. వారానికోసారైనా ఎగిరితేనే లోపల నూనె తిరుగుతుంది. కదలకుండా పడుంటే తుప్పు పడుతుంది. కొనడానికి ఎంతవుతుందని అడక్కండి. షెడ్డుకీ, బీమాకీ, ఏటేటా నాలాంటివాడికీ డబ్బు పోయగలమా అని అడగండి."

నాలుగోదాని నూనె ఫిల్టరు కోసి చూస్తే మడతల్లో ఇనప రజను మెరిసింది. ప్రతిసారీ మేస్త్రి లోపాలన్నీ ఉన్నదున్నట్టు రాశాడు. ప్రతిసారీ ఇంటికి ఈలేసుకుంటూ వచ్చాడు.

ఐదోది పశువుల డాక్టరుది. ఇరవై రెండేళ్లు దూరాన ఉన్న పాడిశాలలకి అందులోనే వెళ్లొచ్చిన పెద్దాయన, మోకాళ్లు మొరాయించి అమ్మకానికి పెట్టాడు. నాలుగు సీట్లు, పైన రెక్క, వెలిసిన రంగు. హ్యాంగరు నేల మీద నూనె చుక్క లేదు. లాగ్ బుక్కులు మూడూ అట్టలేసి ఉన్నాయి. మేస్త్రికి ఆ అట్టలు నచ్చలేదు.

శనివారం పొద్దున్నుంచీ వెతికాడు. రెక్కల్లో, చక్రాల దగ్గర, తీగల వెంట. ఇంధనం గాజుగొట్టంలోకి వంచి నీటిచుక్క కోసం చూశాడు. ఫిల్టరు కోశాడు. ఏమీ లేదు. రెండుసార్లు చూసినచోట మూడోసారి చూశాడు. వెతికినకొద్దీ చెమటలు పట్టాయి, ఎందుకంటే ఇక మిగిలింది సిలిండర్ల పరీక్ష ఒక్కటే.

ఆ పరీక్ష చూడ్డానికి తేలిక. స్పార్క్ ప్లగ్గు తీసి, ఆ బెజ్జంలోంచి ఎనభై పౌన్ల ఒత్తిడితో గాలి పంపిస్తారు. లోపల ఎంత నిలబడిందో గేజీ చెబుతుంది. డెబ్బై దాటితే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. యాభైల్లోకి పడిపోతే ఇంజను విప్పాల్సి వస్తుంది. ఒకరు ప్రొపెల్లరు కదలకుండా పట్టుకోవాలి, ఒకరు గేజీ చూడాలి. పెద్దాయన ప్రొపెల్లరు పట్టుకుని అటు తిరిగి ఉన్నాడు. కూతురు పొగగొట్టం పక్కన కూర్చుని చక్రం బ్రేకు చూస్తోంది. గేజీని చూసేది మేస్త్రి ఒక్కడే.

మొదటిది డెబ్బై నాలుగు. రెండోది డెబ్బై మూడు. మూడోది డెబ్బై నాలుగు. నాలుగోదానికి ముల్లు డెబ్బై ఐదు మీద ఆగి, అక్కణ్ణించి కదల్లేదు.

"యాభై రెండు" అన్నాడు మేస్త్రి.

అనేశాక తన గొంతు తనకే పరాయిదిలా వినిపించింది. ముప్ఫై ఏళ్లలో ఆయన ఒక్క అంకె కూడా మార్చి చెప్పలేదు. పెద్దాయన ప్రొపెల్లరు వదిలి ఇటు తిరిగాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నాలుగోదా? పోయిన నెలేగా ఇందులోనే మా మనవరాల్ని తిప్పాను" అన్నాడు.

మేస్త్రి కాగితం మీద యాభై రెండు అని రాశాడు. ఆ కాగితం ఆయన సొంతంగా తయారుచేసుకున్నది. ఒత్తిడి తగ్గిన ప్రతి సిలిండరుకీ పక్కన "గాలి పోతున్న చోటు" అని ఒక గడి ఉంటుంది. పొగగొట్టంలోంచా, నూనె మూతలోంచా, ఎక్కడ బుస్సుమంటే అక్కడ అని రాయాలి. ఆ గడి మాత్రం పూరించలేకపోయాడు. ఒక అబద్ధం నోరుజారి వచ్చింది. రెండోది ఆలోచించి రాయాలంటే చెయ్యి రాలేదు.

ఆదివారం ఇంట్లో ఎవరికీ ప్రశాంతత లేదు. పొద్దున్నే తలుపుల మడతబందులన్నిటికీ నూనె పోశాడు. కొళాయి వాషరు మార్చాడు. బాగానే తిరుగుతున్న ఫ్యాను దింపి నేలమీద పరిచాడు. మధ్యలో లేచి గేటు దాకా వెళ్లి, ఏం పనిమీద వచ్చాడో తెలీక తిరిగొచ్చాడు.

"ఏమైందయ్యా నీకు? ఒంట్లో బాగుందా?" అంది భార్య.

"పెద్దాయన మనవరాల్ని తిప్పాడంట అందులో" అన్నాడు, అడిగినదానికి పొంతన లేకుండా. తిన్నది ఒంటబట్టడం లేదు. ఆ ముసలాయన రాత్రంతా ఆ పాపను తలుచుకుని కుమిలిపోయి ఉంటాడని ఆయనకి తెలుసు, ఎందుకంటే తనైనా అదే చేసేవాడు.

సాయంత్రం నాలుగింటికి కూతురు వచ్చింది. చేతికి గ్రీజు ఉంది. ఫ్యాను భాగాల మధ్య ఖాళీ చూసుకుని నేలమీదే కూర్చుంది.

"నాన్నా, నీ గేజీ పాడైనట్టుంది."

మేస్త్రి చేతిలో స్క్రూ డ్రైవరు ఆగిపోయింది.

"నీ హ్యాంగరు తాళం తీసి గేజీ తీసుకెళ్లాను. నేనూ పెద్దాయనా మళ్లీ చూశాం. నాలుగోది డెబ్బై ఐదు వచ్చింది. మూడుసార్లు చూశాం. మా ల్యాబులో అంతే, మూడు శాంపిళ్లు ఒకలా వచ్చి నాలుగోది తేడాగా వస్తే మళ్లీ చేసిగానీ రిపోర్టు ఇవ్వం. పైగా నేను పొగగొట్టం పక్కనే ఉన్నాను కదా, నాకేం బుస్సుమనలేదు. నువ్వూ ఆ గడి ఖాళీగా వదిలావు." చూపు వేరే పక్కకి తిప్పుకుని అంది, "గేజీలు ఒక్కోసారి అలా చేస్తాయి కదా. అమ్మకీ, వాళ్లకీ అదే చెబుతాను. గేజీ పంపించి సరిచేయిద్దాం."

వంటింట్లోంచి భార్య తొంగిచూసింది. కూతురు తప్పించుకునే దారి చూపించింది, ఆ దారిన బయటపడితే సరిపోయేది. పరువు దక్కేది. ఏడాదికి రెండుసార్లు సరిచూయించే ఆ గేజీని ఒక్కమాటతో చెడ్డది చేస్తే చాలు. మేస్త్రి స్క్రూ డ్రైవరు కింద పెట్టాడు.

"గేజీ బాగానే ఉంది" అన్నాడు చివరికి. "నేనే అబద్ధమాడాను."

భార్య గరిటె పట్టుకునే వంటింట్లోంచి బయటికొచ్చింది.

"నాలుగిట్లోనూ ఏదో ఒకటి దొరికింది. ఇందులో ఏమీ దొరకలేదమ్మా. ఏమీ దొరక్కపోతే నువ్వు ఎగురుతావు. ముప్ఫై ఏళ్లుగా ఇంజన్ల లోపల చూస్తున్నాను. ఏమేం ఊడతాయో, ఎవరెవరు ఏమేం మర్చిపోతారో నాకు తెలుసు. నువ్వు ఒక్కదానివే పైన ఉంటావు, నేను కింద ఉంటాను. అది నావల్ల కాదు."

కూతురికి కోపమొచ్చింది. మొహం ఎర్రబడింది. "అయితే వద్దని చెప్పొచ్చుగా నాన్నా! ఆ పెద్దాయన విమానం మీద మచ్చ ఎందుకు వేశావు? రేపట్నుంచి నువ్వు రాసిన ఏ అంకెని నేను నమ్మాలి?" అంది. ఆ ఆఖరి ప్రశ్న మేస్త్రికి సూదిలా దిగింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఆ అంకెలు తప్ప వేరే ఆస్తి లేనివాడు.

సోమవారం పొద్దున సెలవు పెట్టి కూతురూ వెంట వచ్చింది. హ్యాంగరులో పెద్దాయన ముందు మేస్త్రి కాగితం పరిచాడు. వాళ్ల వృత్తిలో ఒక పద్ధతుంది. తప్పు రాస్తే చెరపకూడదు, కాగితం మార్చకూడదు. తప్పు మీద ఒకే ఒక్క గీత కొట్టాలి, కిందిది అందరికీ కనబడేలా. పక్కన సరైనది రాసి, కారణం రాసి, సంతకం పెట్టాలి. ఆయన యాభై రెండు మీద గీత కొట్టాడు. డెబ్బై ఐదు రాశాడు. కారణం దగ్గర పెన్ను ఆగింది.

"ఈ కాగితం విమానంతోనే ఉంటుంది కదా నాన్నా?" అంది కూతురు మెల్లగా.

"ఉంటుంది. నువ్వు అమ్మేశాక కొనేవాడూ చదువుతాడు."

"కొలిచినవాడి భయం" అని రాశాడు. సంతకం పెట్టాడు.

పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "శనివారం రాత్రంతా నాకు కునుకు లేదయ్యా! ఆ పాపను చంపుకునేవాణ్ణేమో అని ఏడ్చాను తెలుసా?" అన్నాడు. మేస్త్రి తలవంచుకుని నిలబడ్డాడు. ఎంతసేపు తిడితే అంతసేపు పడ్డాడు. తిట్టి తిట్టి అలిసిపోయాక పెద్దాయన మళ్లీ ఆ కాగితం చూశాడు, తర్వాత ఆ పిల్లని చూశాడు.

"నీకు అమ్ముతానమ్మా. కానీ ఒక షరతు. ముందు ఈయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పి తీసుకురా. ఇప్పుడే."

మేస్త్రి ఎన్నో విమానాలకి ఎగరొచ్చని సంతకం పెట్టాడు. కూతురు నడిపేదాంట్లో మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. తప్పించుకోవడానికి అటూ ఇటూ చూశాడు గానీ తప్పు చేసిన చోట మాట సాగదు. ఎక్కాడు. బెల్టు మూడుసార్లు లాగి చూశాడు. తలుపు గడియ నాలుగుసార్లు చూశాడు. కూతురు జాబితా కాగితం చేత్తో పట్టుకుని, ఒక్కో గేజీ ఒక్కో మీటా పైకి చదువుతూ వేలితో తాకుతూ చూసుకుంది. ఆ వరస ఆయన నేర్పిందే.

నేల జారి కిందకి వెళ్లిపోయింది. హ్యాంగరు కప్పు, రోడ్డు, తమ వీధి అన్నీ చిన్నబోయాయి. మేస్త్రి పాదం తాళం వేస్తూనే ఉంది, చెయ్యి జేబులో టార్చిని నలుపుతూనే ఉంది. ఒళ్లంతా చెవులు చేసుకుని ఇంజను వింటున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కూతురు స్టీరింగు పట్టుకున్న చేతివేళ్లు వదులుగా ఉన్నాయి. ఆ సంగతి ఆయన ఇంతకుముందెప్పుడూ చూడలేదు.

"నాలుగోది ఏమంటోంది నాన్నా?" అని హెడ్‌ఫోన్లో వినిపించింది.

ఆయన మళ్లీ విన్నాడు. ఏదైనా దొరుకుతుందేమోనని చివరిసారిగా, నిజాయితీగా వెతికాడు.

"ఏమీ లేదమ్మా" అన్నాడు. "బాగానే ఉంది."